మందాకినమ్మ గారి కారు చక్రాలకు రంగు

మా సంస్థ పూర్తి పేరు జిల్లా పురాతన వాహన వారసత్వ పరిరక్షణ ప్రాధికార సంస్థ. ఆ పేరు ఒక బోర్డులో పట్టక రెండు బోర్డులు చేయించాం. మొదటి బోర్డు మాత్రమే చదివి, పాత సామాను కొంటామనుకుని లోపలికి వచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళను మర్యాదగా రెండో బోర్డు దగ్గరకు పంపిస్తాం.

కాకినాడలో మాకు సొంత మేడ ఉంది. కమిషనర్ గారు ఉన్నారు, ఇద్దరు డిప్యూటీలు ఉన్నారు, మూడు జీపులున్నాయి, సూపరింటెండెంటుగా నేనున్నాను. మేమందరం కలిసి పరిరక్షిస్తున్న పురాతన వాహనం మాత్రం ఒక్కటే.

ఒక్కటేనా అని నవ్వడం తేలిక. సంస్థ పెట్టిన కొత్తలో జిల్లాలో పాత కార్లు చాలానే తిరిగేవి. మా నిబంధనలు పేపర్లో పడ్డ మర్నాటి నుంచి ఒక్కటీ రోడ్డు మీద కనబడలేదు. పిఠాపురంలో ఒకాయన తన కారును గడ్డిమేటులో దాచాడని, సామర్లకోటలో ఇంకొకాయన కోళ్ళగూడు చేసేశాడని వినికిడి. తనంతట తాను వచ్చి కారును నమోదు చేయించుకున్నది డాక్టర్ మందాకినమ్మ గారు ఒక్కరే. ఆవిడకు చట్టమంటే గౌరవం. మమ్మల్ని అప్పటికింకా దగ్గరగా చూడలేదు కూడాను.

మందాకినమ్మ గారు పురుళ్ళ డాక్టరు. ఎనభయ్యో పడికి దగ్గరగా ఉన్నారు. ఆవిడ కారు బూడిద రంగు మోరిస్ మైనర్. ఆవిడ తండ్రిగారు పోర్టులో పనిచేసి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నారట. ఏ వేళప్పుడు కబురొచ్చినా డ్రైవరు కోసం చూడకుండా ఆ కారు తనే నడుపుకుంటూ పురుళ్ళకు వెళ్ళిన మనిషి ఆవిడ. అలాంటి మనిషి ఒక రోజు పొద్దున్నే గొడుగు ఊపుకుంటూ నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా సూపరింటెండెంటూ, కారు చక్రాలకి తుప్పు పట్టింది. గీకించి మీగడ రంగు వేయించుకుంటాను. ఒక సంతకం పడేసి పంపించు."

నేను లేచి కుర్చీ చూపించి, ఏడో నిబంధన చదివి వినిపించాను. వాహనంలో ప్రజలకు కనబడే ఏ భాగానికైనా అనుమతి లేకుండా రంగు వేయరాదు, మార్చరాదు, తుడవరాదు. 'తుడవరాదు' అన్న మాట ఎవరు చేర్చారో ఎవరికీ తెలీదు. దాన్ని తీసెయ్యడానికి వేసిన కమిటీ ఇంకా కూర్చునే ఉంది.

"అనుమతి కోసమేగా వచ్చాను? నాకు తొందరుందయ్యా. ఈ వేసవితో నా లైసెన్సు ఆఖరు. మళ్ళీ రాయించుకోను. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనని మొరాయిస్తోంది. డాక్టర్నయ్యుండి నా మోకాలికి నేనే దొంగ సర్టిఫికెట్టు తెచ్చుకోలేను కదా. ఈలోగా ఒక్కసారి, నా కారు నేనే నడుపుకుంటూ సముద్రం పక్కన ఉప్పాడ దాకా వెళ్ళి రావాలి. అంతే నా కోరిక."

చక్రాలు అప్పటికే విప్పించి, స్టెప్నీతో సహా జగన్నాథపురంలో పెయింటర్ పేర్రాజు షెడ్డుకు పంపేశారు. కారు ఆవిడ ఇంటి ముందు ఇటుకల మీద నిలబడి ఉంది. నాకు ఆవిడంటే ఇష్టం కలిగింది. ఫైలు ఆ రోజే పైకి పంపాను. మా ఆఫీసులో ఒక మనిషి మీద ఇష్టం చూపించడానికి అంతకుమించి మార్గం లేదు.

కమిషనర్ త్రివిక్రమరావు గారు ఫైలు చూసి కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీశారంటే ఉపన్యాసం ఉంటుంది.

"చూడండీ, రంగు అనేది కేవలం రంగు కాదు. అదొక విధానపరమైన నిర్ణయం. ఈ రోజు మీగడ అంటారు. రేపు వెన్న అంటారు. ఎల్లుండి నెయ్యి అంటారు. ఎక్కడో ఒక చోట హద్దు విధించాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. అసలు ఆ చక్రాల మూలవర్ణం ఏమిటో తేల్చకుండా మనం ఏ వర్ణం దిశగానూ అడుగు వేయరాదు."

మూలవర్ణ నిర్ధారణ ఉపసంఘం అలా పుట్టింది. దానికి అధ్యక్షుడిగా ఒక ప్రొఫెసర్ గారిని పిలిపించాం. రంగుల మీద ఆయన రాసిన పుస్తకం నలుపు తెలుపుల్లో అచ్చయిందని చెప్పుకుంటారు. ఉపసంఘం భూతద్దాలతో పేర్రాజు షెడ్డుకు దిగి చక్రాలను గీకడం మొదలుపెట్టింది. పైన తుప్పు, తుప్పు కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద నలుపు. సాక్ష్యం కోసం డాక్టరమ్మ గారిని పిలిపించారు.

"నీలం ఆస్పత్రి కిటికీలకు తెచ్చిన డబ్బాలో మిగిలింది వేయించాను. ఆకుపచ్చ మా తమ్ముడు సైకిలుకని కొన్నాడు. నలుపు మా నాన్నగారి హయాంలోది. అన్నిటికీ అడుగున మీగడ రంగే. నేను చిన్నప్పుడు కళ్ళారా చూశాను," అన్నారావిడ.

"మీ సాక్ష్యం అమూల్యం," అన్నారు ప్రొఫెసర్ గారు. "అయితే మీరు కారు యజమాని కనుక, ఈ వ్యవహారంలో స్వప్రయోజనం గల వ్యక్తి అవుతారు. కారుతో ఎలాంటి సంబంధమూ లేకుండా, ఆ రోజుల్లో ఆ చక్రాలను అతి దగ్గరగా పరిశీలించిన వ్యక్తి ఎవరైనా ఉంటే ప్రవేశపెట్టండి."

"సంబంధం లేనివాళ్ళు నా కారు చక్రాల్ని దగ్గరగా ఎందుకు చూస్తారయ్యా?"

"మా ఇబ్బంది కూడా అదేనమ్మా."

సాక్షి దొరకలేదు గనక గీకుడు కొనసాగింది. మీగడ రంగు ఒకచోట గోరంత కనబడిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను. అది పై పొరా, కింది పొరా అని వాదించుకుంటూ దాన్ని కూడా గీకేశారు. చివరికి ఇనుము బయటపడింది. చక్రాల మూలవర్ణం ఇనుమని, ఇక దాని కింద ఏమీ లేదని ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించి టీ తాగింది.

పేర్రాజు తల పట్టుకున్నాడు. "ఇది సముద్రపు గాలండి బాబూ. ఒట్టి ఇనుం ఒదిలేత్తే తెల్లారేసరికి మళ్ళీ తుప్పెక్కిపోద్దండి. ఓ చెయ్యి ప్రైమరు కొట్టేత్తానండి, ఆనక మీ తీరుబడిని బట్టి ఏ రంగంటే ఆ రంగేసుకుందారి." అలా అని చక్రాలకు రెడ్ ఆక్సైడ్ కొట్టాడు. దాని పేరులోనే ఎరుపు ఉంది, చూడ్డానికీ ఎర్రగానే ఉంటుంది. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. పురాతన వాహనానికి ఒక పార్టీ రంగు, ఎవరి ప్రోద్బలం, అని పైన పెద్ద అక్షరాలు.

అక్కణ్ణుంచి మా ఆఫీసులో మనశ్శాంతి లేదు. ఎరుపు జెండా వాళ్ళు వచ్చి, అది తమ ఎరుపు కాదని, తమ ఎరుపును కించపరచడానికి వాడిన నాసిరకం ఎరుపని ధర్నా చేశారు. ప్రొఫెసర్ గారు రంగుల పట్టీ తెచ్చి బల్ల మీద పరిచారు. పసుపు మీద వేలు పెడితే డిప్యూటీ గారు దగ్గారు. నీలం మీద పెడితే రెండో డిప్యూటీ గారు దగ్గారు. ఆకుపచ్చ, కాషాయం, గులాబి, ఏ రంగూ ఖాళీగా లేదు. ఏ రంగు ఏ పార్టీదో నేను రాయను. మీకు తెలుసు, నాకింకా సర్వీసుంది. తెలుపు ఖద్దరును గుర్తు చేస్తుందన్నారు. నలుపు నిరసనను గుర్తు చేస్తుందన్నారు. మీగడ రంగును కాస్త ఎండలో పెట్టి చూస్తే పసుపులా, నీడలో చూస్తే తెలుపులా ఉంటుంది గనక అది రెండు పార్టీల రహస్య పొత్తు కింద వస్తుందని తేలింది.

"అఖిలపక్షం తప్ప గత్యంతరం లేదు," అన్నారు కమిషనర్ గారు. "నాలుగు చక్రాలు, నలుగురికి సమన్యాయం. సమ్మిళిత వర్ణవిధానం."

అఖిలపక్షం మా సమావేశ మందిరంలో జరిగింది. బల్ల మీద కారు బొమ్మ గీసిన అట్ట పెట్టాం. మందాకినమ్మ గారిని గౌరవ ఆహ్వానితురాలిగా వెనక వరసలో కూర్చోబెట్టాం. అధికారంలో ఉన్నవారు రాగానే కుడివైపు ముందు చక్రం మీద చెయ్యి వేశారు. "స్టీరింగు పక్కన ఉన్న చక్రం ప్రజలు మాకిచ్చింది," అన్నారు. ప్రతిపక్షం వారు నవ్వి, "ఈ కారులో ఇంజిను బలం వెళ్ళేది వెనక చక్రాలకండీ. బండిని తోసేది మేమే, మీరు ముందుండి ఊరికే తిరుగుతున్నారు," అని వెనక రెండూ అడిగారు. మిగిలిన ఎడమ ముందు చక్రం ఎడమ వైపున్నది కాబట్టి సహజంగా తమదేనని ఎరుపు జెండా వారు తీసుకున్నారు.

ఒకే ఒక సభ్యుడున్న చిన్న పార్టీ నాయకుడు చివర కూర్చుని పల్లీలు తింటున్నాడు. ఆయనకు స్టెప్నీ ఇస్తామని చెప్పడానికి మేమందరం సంకోచించాం. ఆయన మాత్రం నెత్తిన పాలు పోసినట్టు పొంగిపోయాడు.

"స్టెప్నీ నాకిచ్చెయ్యండి. డిక్కీలో చల్లగా కూచుంటాను. మీలో ఎవరికి పంక్చరైనా నా కాళ్ళ దగ్గరికే రావాలి కదా."

అందరూ నవ్వేశారు. ఒప్పందం కుదిరింది. కమిషనర్ గారు సంతకానికి కలం తీశారు. అప్పుడు, కొలతలు చెప్పడానికని పిలిపించిన పేర్రాజు గుమ్మం దగ్గర నుంచి, ఏదో పని సంగతి అడుగుతున్నట్టుగా అడిగాడు.

"మరి పంక్చరైతే స్టెప్నీ ముందుకొచ్చేత్తాది కదండీ. ముందుది డిక్కీలోకి పోద్ది. అప్పుడు రంగులు మార్చాలాండీ, అలాగే ఉంచెయ్యాలాండీ?"

పల్లీలు తింటున్నాయన ముఖం వెలిగిపోయింది. "అంటే ప్రభుత్వం పడిపోయినట్టేగా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు సరిగ్గా వినబడలేదు. ముందు చక్రానికి మేకులు తగిలేలా కుట్ర జరుగుతోందని ఒకరు, టైర్లలో గాలి తీయించిన చరిత్ర మీదని ఒకరు అరిచారు, కుర్చీలు కూడా లేచాయి. వెనక వరసలో మందాకినమ్మ గారు గొడుగు తెరిచి తలకు అడ్డం పెట్టుకున్నారు.

"నాకు మీగడ రంగు వేసుకోనివ్వండయ్యా బాబూ," అన్నారావిడ. ఆ గోలలో అది మినిట్స్‌లోకి ఎక్కలేదు.

ఇంతలో ఎన్నికల నోటిఫికేషన్ వచ్చింది. కోడ్ అమల్లోకి వస్తే నాయకుల విగ్రహాలకు ముసుగులు వేస్తారు కదా. అదే పని మీద తిరుగుతున్న ఫ్లయింగ్ స్క్వాడ్ పేర్రాజు షెడ్డులో వివాదాస్పద చక్రాలున్నాయని తెలిసి వచ్చి, ఐదింటికీ గోనెపట్టా కప్పి, తాడు కట్టి లక్క సీలు వేసి వెళ్ళింది. కోడ్ ముగిసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. కోడ్ ముగిసేది ఎండలు ముదిరి, లైసెన్సు గడువు కూడా దాటాక. ఈ మాట డాక్టరమ్మ గారికి నేనే వెళ్ళి చెప్పాలి. ఆ రోజు మా సంస్థ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. చక్రాల్లేని కారులో ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు. పక్క సీట్లో ఫ్లాస్కు, రేడియో.

"ఏం చేస్తున్నారండీ?"

"క్లచ్ తొక్కుతున్నానయ్యా. రోజూ సాయంత్రం ఇంతసేపు తొక్కితేగాని ఈ మోకాలు నా మాట వినదు. మీ అనుమతి వచ్చేసరికి కాలు సిద్ధంగా ఉండాలిగా," అన్నారు.

నేను గోనెపట్టాల సంగతి చెప్పాను. ఆవిడ మళ్ళీ క్లచ్ తొక్కారు. ఇటుకల మీద కారు కిర్రుమంది.

ఆ సాయంత్రాలను చూస్తున్నది నేనొక్కణ్ణే కాదు. ఆ వీధిలో ఆస్తిపన్ను లెక్కలు చూసే మునిసిపల్ బిల్ కలెక్టరు కూడా చూస్తున్నాడు. ఆవరణలో ఇటుక దిమ్మెల మీద ఒక కట్టడం. దానికి పైకప్పు ఉంది, తలుపులున్నాయి, అద్దాల కిటికీలున్నాయి. లోపల ఒక వృద్ధురాలు సాయంత్రాలు కాఫీ తాగుతూ రేడియో వింటోంది. అది పన్ను జాబితాలో లేదు. మర్నాడు మా ఫోన్ మోగింది.

"సూపరింటెండెంటూ, నా కారుకి డోర్ నంబరు ఇచ్చారయ్యా!"

వెళ్ళి చూస్తే నిజమే. కారు తలుపు పిడికి తీగతో కట్టి రేకు పలక వేలాడుతోంది. అద్దం మీద నోటీసు అంటించారు. అనధికార నివాస కట్టడం, క్రమబద్ధీకరించుకోవాలి, పన్ను చెల్లించాలి. నేను ఆ నోటీసు పట్టుకుని పరుగున కమిషనర్ గారి దగ్గరకెళ్ళాను. ఆయన మండిపడతారనుకున్నాను.

ఆయన నోటీసు ఒకసారి చదివారు. రెండోసారి నెమ్మదిగా చదివారు. కళ్ళజోడు తీయలేదు. ముఖంలో, నేను సర్వీసులో ఎప్పుడూ చూడని ప్రశాంతత కనిపించింది.

"సాటి ప్రభుత్వ విభాగం చట్టబద్ధంగా దీన్ని కట్టడమని నిర్ధారించింది. అవునా?"

"అవునండీ."

"ఒకే వస్తువు ఒక విభాగానికి కట్టడమూ, మరో విభాగానికి వాహనమూ కావడం పరిపాలనాపరంగా అసంబద్ధం. అవునా?"

"అవునండీ."

"అయితే ఇది మన పరిధిలోకి రాదు." ఆ మాట ఆయన పాయసం చప్పరిస్తున్నట్టు అన్నారు. "రిజిస్టరులోంచి తొలగించండి. ధర్నాలూ వద్దు, అఖిలపక్షమూ వద్దు."

"సార్, మన దగ్గరున్నది అదొక్కటే వాహనం."

"వాహనం పోతేనేమండీ, సంస్థ ఉంటుంది. పైగా ఇకనుంచి మనం పరిరక్షిస్తున్న వాటిల్లో ఒక్కటీ పాడవదు."

నేను ఉత్తర్వు టైపు చేయించి, ఒక ప్రతి స్క్వాడ్‌కు పంపాను. వాహనమే లేనప్పుడు వాహన వివాదం లేదని, ఆ ఐదు ఇనప వస్తువులు ఒక గృహానికి చెందిన సామాను అని అందులో రాశాం. స్క్వాడ్ వారికీ ఆ గోనెపట్టాలు ఇంకో విగ్రహానికి కావాల్సి వచ్చాయట. మధ్యాహ్నానికల్లా సీలు విప్పి పట్టుకెళ్ళిపోయారు. ఇంటి సామానుకు ఏ రంగు వేసుకోవాలో చెప్పే నిబంధన ఏ సంస్థ దగ్గరా లేదు. డాక్టరమ్మ గారు ఆస్తిపన్ను కట్టి రసీదు తీసుకుని, నేరుగా పేర్రాజు షెడ్డుకు వెళ్ళారు.

తర్వాత వారం ఒక పొద్దుట, కమిషనర్ గారితో కలిసి జీపులో వస్తున్నాను. భానుగుడి సెంటర్లో ఎర్రలైటు పడింది. మా పక్కన బూడిద రంగు మోరిస్ మైనర్ వచ్చి ఆగింది. చక్రాలు మీగడ రంగులో తళతళలాడుతున్నాయి. తలుపు పిడికి డోర్ నంబరు పలక వేలాడుతూనే ఉంది. స్టీరింగు ముందు మందాకినమ్మ గారు, జరీ అంచు చీరలో.

కమిషనర్ గారు తల బయటకు పెట్టారు. "అమ్మా, అది నివాస గృహం! గృహం రహదారి మీద సంచరించడానికి మీరు ఏ నిబంధన కింద అనుమతి పొందారు?"

"ఇల్లు కదలకూడదని మీ నిబంధనల్లో ఎక్కడుందో వెతికించండి నాయనా. ఈలోగా నేను ఉప్పాడ దాకా వెళ్ళొచ్చేస్తాను," అన్నారావిడ. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వేం చూస్తావయ్యా, ఎక్కు."

నేను జీపు దిగాను. "సార్, స్థల పరిశీలనకు వెళ్తున్నాను."

"ఆ స్థలం మన పరిధిలోకి వస్తుందా?" అన్నారు కమిషనర్ గారు.

"రాదండీ."

"అయితే సెలవు కింద రాసుకుంటాను."

"రాసుకోండి సార్," అని కారెక్కి కూర్చున్నాను. పచ్చలైటు పడింది.

ఊరు దాటి బీచ్ రోడ్డెక్కాక సముద్రం పక్కకొచ్చేసింది. కెరటాలు కొట్టినప్పుడల్లా తుంపర అద్దం మీద పడుతోంది. ఆవిడ రోడ్డు కోసుకుపోయిన చోట్ల నెమ్మదిగా, బాగున్న చోట్ల జోరుగా పోనిచ్చారు. ఎదురొచ్చిన చేపల లారీకి హారను కొట్టి మరీ దారి తీసుకున్నారు. పసిపిల్లలా నవ్వుతున్నారు. నాకూ ఎందుకో చెప్పలేనంత సంతోషంగా ఉంది. ఏదో ఒకటి అనాలనిపించింది.

"చక్రాలకి మీగడ రంగు భలే కుదిరిందండీ, డాక్టరమ్మ గారూ."

"కుదిరిందా?" అన్నారావిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నాకేం తెలుస్తుందయ్యా, నేను లోపల కూచుని నడుపుతున్నాను కదా."

ఎడమకాలితో క్లచ్ గట్టిగా తొక్కి, గేరు మార్చారు.